ఐసీయూలో ఐదు క్లెబ్సియెల్లాలు: ఏ టైపింగ్ పద్ధతి ఎప్పుడు?

శనివారం మధ్యాహ్నం ఐసీయూ నుంచి ఫోన్ వచ్చిందంటే అది మంచి కబురు కాదని మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. "మేడమ్, మళ్లీ క్లెబ్సియెల్లానే. ఇది ఐదోది. ఒకరి నుంచి ఒకరికి పాకుతోందా, లేక ఎవరిది వాళ్లు బయటి నుంచి తెచ్చుకుంటున్నారా, చెప్పగలరా?" అని అడిగారు ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్. పన్నెండు పడకల ఐసీయూ, మూడు వారాలు, ఐదుగురు రోగులు. అందరిలోనూ మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌కి లొంగని క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. విశాఖలోని ఒక ఆసుపత్రి సంగతి ఇది. ఏ ఆసుపత్రో చెప్పను, గుర్తుపట్టే వివరాలు కూడా మార్చాను.

సిస్టర్ అడిగిన దానికి కల్చర్ రిపోర్టులో జవాబు దొరకదు. రిపోర్టు బ్యాక్టీరియా పేరు చెబుతుంది, ఏ మందు పనిచేస్తుందో చెబుతుంది, అక్కడితో ఆగిపోతుంది. ఈ ఐదూ ఒకే తల్లి బిడ్డలా కాదా అన్నది తేలాలంటే వాటి డీఎన్ఏలోకి చూడాలి. ఆ పనికే స్ట్రెయిన్ టైపింగ్ అని పేరు. పద్ధతులు చాలానే ఉన్నాయి: ఈఆర్ఐసీ-పీసీఆర్, పీఎఫ్‌జీఈ, ఎంఎల్ఎస్‌టీ, స్పా టైపింగ్, హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్. "వీటిలో ఏది మంచిది మేడమ్?" అని ప్రతి ఏటా కొత్త పీజీలు అడుగుతారు. ఏది మంచిదంటే చెప్పలేను. దేనికి మంచిదంటే చెప్పగలను.

ఎందుకంటే ప్రశ్నలు మూడు రకాలు, మూడూ వేరు. ఈ వార్డులో ఈ నెలలో పాకిందా అన్నది ఒకటి. ఇది దేశంలో తిరుగుతున్న ఏ వంశానికి చెందింది అన్నది ఇంకొకటి. అసలు బ్యాక్టీరియా కాదు, దాని ఒంట్లోని ప్లాస్మిడ్ (ముఖ్య జీనోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరం) ఒక జాతి నుంచి ఇంకో జాతికి దూకుతోందా అన్నది మూడోది. ఒక ప్రశ్నకి చక్కగా జవాబిచ్చే పద్ధతి ఇంకో ప్రశ్న ముందు మూగనోము పడుతుంది. కంపెనీల వాళ్లు మెషిన్ నుంచి మొదలుపెడతారు. మనం ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. అందుకే ఆ ఐదు ఐసోలేట్లనే (రోగుల నుంచి వేరు చేసి పెంచిన బ్యాక్టీరియాలనే) వెంటబెట్టుకుని ఒక్కో పద్ధతి దగ్గరికీ వెళ్దాం.

డబ్బు పెట్టకముందు చూడాల్సింది

ఏ మందుకి లొంగుతుందో, దేనికి లొంగదో చూపే సెన్సిటివిటీ షీటు మన చేతిలో ఇప్పటికే ఉంది. దాన్ని టైపింగ్ కింద లెక్కపెట్టరు గానీ మొదటి అనుమానం పుట్టేది అక్కడే. డబ్ల్యూహెచ్ఓ ఉచితంగా ఇచ్చే హూనెట్ సాఫ్ట్‌వేర్‌లో రోజూ రిజల్ట్స్ ఎక్కిస్తూ ఉంటే, ఏ వార్డులో ఏ తరహా రెసిస్టెన్స్ గుంపుగా వస్తోందో అదే చూపిస్తుంది. రూపాయి ఖర్చు లేదు. అయినా చాలా చోట్ల ఇంకా రిజిస్టర్‌లో రాసి వదిలేస్తున్నారు.

చిక్కు ఎక్కడంటే, మన దగ్గరి కార్బపెనెమ్ (మెరోపెనెమ్ ఈ కుటుంబపు మందే) రెసిస్టెంట్ క్లెబ్సియెల్లాల షీట్లన్నీ ఒకేలా ఉంటాయి. పై నుంచి కింద దాకా ఆర్, ఆర్, ఆర్, అంటే రెసిస్టెంట్. అన్నీ ఒకేలా కనిపించేచోట ఒకేలా ఉండటం దేనికీ రుజువు కాదు. తేడా కనిపించినా నమ్మడానికి లేదు. మా ఐదో ఐసోలేట్ ఒక్కటే జెంటామైసిన్‌కి లొంగింది. అప్పటి జూనియర్ డాక్టర్ "ఇది వేరే మేడమ్, పక్కన పెట్టేద్దాం" అన్నారు. నేనూ ఊ కొట్టాను. ప్లాస్మిడ్ ఒకటి జారిపోతే అదే బ్యాక్టీరియా ఒక మందుకి సెన్సిటివ్‌గా మారిపోతుందని తెలిసి కూడా ఊ కొట్టాను. నా తప్పే.

ఈఆర్ఐసీ-పీసీఆర్: చవక, కానీ మొండిఘటం

మెడికల్ కాలేజీల్లో, యూనివర్సిటీ ల్యాబుల్లో ఎక్కువగా నడిచేది ఇదే. ఎంటరోబ్యాక్టీరియా (క్లెబ్సియెల్లా, ఈ కోలైల కుటుంబం) జీనోముల్లో అక్కడక్కడా పునరావృతమయ్యే 126 అక్షరాల ముక్క ఒకటుంది. దాని పేరే ఈఆర్ఐసీ. ఆ ముక్కలకి అతుక్కునే ప్రైమర్లు (చిన్న డీఎన్ఏ తునకలు) వేసి, డీఎన్ఏని కాపీలు తీసే పీసీఆర్ చేస్తే, ముక్కకీ ముక్కకీ మధ్య దూరాలను బట్టి జెల్ మీద బ్యాండ్ల వరుస వస్తుంది. ఒకే స్ట్రెయిన్ అయితే ఒకే వరుస. మామూలు పీసీఆర్ మెషిన్, డీఎన్ఏ ముక్కల్ని సైజు ప్రకారం విడదీసే అగరోజ్ జెల్, దాని ఫోటో తీసే జెల్ డాక్ ఉంటే చాలు. శాంపిల్‌కి వందల రూపాయల్లో అయిపోతుంది. పొద్దున కాలనీ తీస్తే సాయంత్రానికి ఫోటో చేతిలో ఉంటుంది.

ఇంత మంచిదైతే మిగతా పద్ధతులెందుకు? దీనికి మొండితనం ఎక్కువ. పీసీఆర్‌లో డీఎన్ఏని కాపీ చేసే ట్యాక్ ఎంజైమ్ బ్రాండ్ మారితే బ్యాండ్లు మారతాయి. మెగ్నీషియం కాస్త అటూ ఇటూ అయితే మారతాయి. డీఎన్ఏ ఎక్కువ పడితే కొత్తవి పుడతాయి, తక్కువ పడితే ఉన్నవి మాయమవుతాయి. మన జెల్ ఫోటోని గుంటూరు ల్యాబ్ ఫోటోతో పోల్చడం వృథా. మా జెల్‌నే మా నిన్నటి జెల్‌తో పోల్చలేం.

మేం ఆ ఐదింటిలో మొదటి మూడింటిని సోమవారం, మిగతా రెండింటిని బుధవారం నడిపాం. మధ్యలో మంగళవారం కొత్త ట్యాక్ డబ్బా తెరిచారు. రిజల్ట్ చూస్తే రెండు గుంపులు స్పష్టంగా కనిపించాయి: సోమవారం గుంపు, బుధవారం గుంపు! నవ్వు వచ్చింది, తర్వాత టెన్షన్ వచ్చింది, ఎందుకంటే అప్పటికే ఒక గుంపు సంగతి ఐసీయూ వాళ్లకి ఫోన్‌లో చెప్పేశాం. మళ్లీ అన్నిటినీ ఒకే మాస్టర్ మిక్స్‌తో (ఒకేసారి కలిపిన రసాయనాలతో), ఒకే జెల్ మీద నడిపితే అసలు రూపం బయటపడింది. 1, 2, 3, 5 ఒకేలా ఉన్నాయి. నాలుగోది పూర్తిగా వేరు. మేం పక్కన పెట్టేద్దామనుకున్న జెంటామైసిన్ సెన్సిటివ్ ఐదోది గుంపులోనే ఉంది.

ఈఆర్ఐసీ చేసేవాళ్లు మూడు పనులు తప్పకుండా చేయాలి. అనుమానం ఉన్నవన్నీ ఒకే బ్యాచ్‌లో, ఒకే జెల్‌లో నడపాలి. వాటి పక్కనే అదే ఆసుపత్రి నుంచి ఆరు నెలల కిందటివి, సంబంధం లేనివి ఓ మూడు నాలుగు క్లెబ్సియెల్లాలు వేయాలి. అవి కూడా గుంపులో కలిసిపోతే మీ జెల్‌కి వేరు చేసే శక్తే లేదని అర్థం. ఒక ఐసోలేట్‌ని రెండు వేర్వేరు గొట్టాల్లో డీఎన్ఏ తీసి రెండు లేన్లలో వేయాలి. ఆ రెండూ ఒకేలా రాకపోతే ఆ జెల్‌ని చెత్తబుట్టలో వేయండి, ఫోటో ఎంత అందంగా ఉన్నా సరే. ఇంత చేశాక కూడా ఈఆర్ఐసీ "వేరు" అంటే నమ్మొచ్చు, "ఒకటే" అంటే "కావచ్చు" అని చదువుకోవాలి.

పీఎఫ్‌జీఈ: ఒకప్పటి పెద్దాయన

1984లో ష్వార్ట్జ్, క్యాంటర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టిన జెల్ పద్ధతి ఇది. పూర్తి పేరు పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్. మామూలు జెల్‌లో పెద్ద పెద్ద డీఎన్ఏ ముక్కలు విడిపోవు, అన్నీ కలిసి ఒకేచోట నిలిచిపోతాయి. కరెంటు దిశని కాసేపటికోసారి మారుస్తూ ఉంటే మాత్రం పెద్ద ముక్క మలుపు తిరగడానికి ఎక్కువ సేపు పట్టి వెనకబడుతుంది. జగదాంబ జంక్షన్‌లో బస్సూ, స్కూటరూ కలిసి మలుపు తిరగడం చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. బ్యాక్టీరియాని అగరోజ్ దిమ్మలో పెట్టి, లోపలే పగలగొట్టి, అరుదుగా కోసే ఎంజైమ్‌తో కోస్తారు. క్లెబ్సియెల్లా, ఈ కోలైలకి ఎక్స్‌బీఏ-1, స్టాఫ్ ఆరియస్‌కి ఎస్ఎంఏ-1, ఐసీయూల్లో కనిపించే ఇంకో బ్యాక్టీరియా అసినెటోబ్యాక్టర్‌కి ఏపీఏ-1.

బ్యాండ్లు ఎలా చదవాలో 1995లో టెనోవర్ బృందం ఒక సూత్రం ఇచ్చింది. తేడా లేకపోతే ఒకటే. 2 నుంచి 3 బ్యాండ్ల తేడా ఉంటే దగ్గరి బంధువులు. 4 నుంచి 6 ఉంటే బంధుత్వం ఉండొచ్చు. 7, ఆ పైన అయితే వేరు. ఈ అంకెలు గాలిలోంచి పుట్టినవి కావు. ఒక్క మ్యుటేషన్ వల్ల ఎంజైమ్ కోసే చోటు ఒకటి కొత్తగా ఏర్పడితే, పాత పెద్ద బ్యాండ్ ఒకటి పోయి చిన్నవి రెండు వస్తాయి. అంటే ఒక్క మార్పుకి మూడు బ్యాండ్ల తేడా. అందుకే 3 దాకా "ఒక అడుగు దూరం" అన్నారు. అయితే ఆ సూత్రం కొద్ది నెలల్లో ముగిసే చిన్న ఔట్‌బ్రేక్ కోసం రాసింది. రెండేళ్ల ఐసోలేట్లకి దాన్ని వాడిన థీసిస్‌లు చూసి ఎన్నిసార్లు తల పట్టుకున్నానో.

ఆహారం ద్వారా పాకే ఔట్‌బ్రేక్‌లని పట్టుకోవడానికి అమెరికాలో 1996లో మొదలైన పల్స్‌నెట్ అనే ల్యాబుల నెట్‌వర్క్ రెండు దశాబ్దాలకి పైగా ఈ పద్ధతి మీదే నడిచింది. 1993లో హాంబర్గర్ల ద్వారా వ్యాపించిన ఈ కోలై ఓ157 ఔట్‌బ్రేక్ దాని పుట్టుకకి కారణం. 2019లో అదే నెట్‌వర్క్ పీఎఫ్‌జీఈని వదిలి జీనోమ్ సీక్వెన్సింగ్‌కి మారింది. నేనైతే అక్కడే లెక్క తేలిపోయిందంటాను. ఇప్పుడు కొత్తగా పీఎఫ్‌జీఈ మెషిన్ కొనమని ఎవరికీ చెప్పను.

మన ఊరికి ప్రత్యేకమైన కష్టం కూడా ఉంది. రన్ దాదాపు 20 గంటలు సాగాలి, బఫర్ 14 డిగ్రీల దగ్గర చల్లగా తిరుగుతూ ఉండాలి. మే నెలలో, సముద్రం మీంచి వచ్చే ఆ ఉక్కలో చిల్లర్ మూలుగుతుంది. పద్దెనిమిదో గంటలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే మూడు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరే. సూడోమోనాస్ లాంటి వాటిలో కొన్ని స్ట్రెయిన్లైతే అన్నీ సరిగ్గా చేసినా బ్యాండ్లు రాక మసకగా పాకుతాయి. బఫర్‌లోని ట్రిస్ వల్ల వాటి డీఎన్ఏ రన్‌లోనే విరుగుతుంది. కొంచెం థయోయూరియా కలిపితే ఆ బాధ తగ్గుతుంది. ఇప్పటికే మెషిన్ ఉండి, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ ఉంటే, వార్డు ప్రశ్నకి ఇది ఇప్పటికీ ఈఆర్ఐసీ కంటే ఎంతో నమ్మకమైనది. అంతవరకే.

ఎంఎల్ఎస్‌టీ: ఇంటిపేరు చెబుతుంది, డోర్ నంబరు చెప్పదు

మల్టీ లోకస్ సీక్వెన్స్ టైపింగ్ అన్నది పూర్తి పేరు. 1998లో మెనింజైటిస్ బ్యాక్టీరియా కోసం మొదలైంది. ప్రతి బ్యాక్టీరియాకీ బతకడానికి తప్పనిసరైన జన్యువులు ఏడింటిని ఎంచుకుని, ఒక్కోదాంట్లో 450 నుంచి 500 అక్షరాల ముక్కని చదువుతారు. ఏడు జన్యువుల కలయికకి ఒక నంబరు ఇస్తారు, అదే ఎస్‌టీ (సీక్వెన్స్ టైప్) నంబరు. బ్యాండ్ల గొడవ లేదు, అక్షరాలే. విశాఖలో చదివినా, వెల్లూరులో చదివినా, పారిస్‌లో చదివినా ఎస్‌టీ 231 అంటే ఎస్‌టీ 231. ఈ ఒక్క గుణం కోసమే దీన్ని మెచ్చుకోవాలి.

మన దేశపు రెసిస్టెంట్ క్లెబ్సియెల్లాల్లో ఎస్‌టీ 231, ఎస్‌టీ 147, ఎస్‌టీ 14 తరచుగా కనిపించే పేర్లు. అమెరికాలో ఎస్‌టీ 258, చైనాలో ఎస్‌టీ 11 అలాంటివి. మన ఎస్‌టీ 231 చాలాసార్లు ఓక్సా-232 అనే కార్బపెనెమ్ రెసిస్టెన్స్ జన్యువుని చిన్న ప్లాస్మిడ్ మీద మోసుకుని తిరుగుతుంది.

కానీ వార్డు ప్రశ్నకి ఇది పనికిరాదు, నిజానికి పక్కదారి పట్టిస్తుంది. మన వైపు రెండు ఊళ్ల మధ్య ఒకే ఇంటిపేరు వాళ్లు ఎంతమంది ఉంటారు! ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నారని కాదు కదా. ఎస్‌టీ 231 దేశమంతా ఉన్నప్పుడు, ఇద్దరు రోగుల్లో ఎస్‌టీ 231 దొరికిందంటే ఒకరి నుంచి ఒకరికి పాకిందని తేలదు. వేర్వేరు ఎస్‌టీలు వస్తే మాత్రం పాకలేదని గట్టిగా చెప్పొచ్చు. అసినెటోబ్యాక్టర్‌లో ఇది మరీ అన్యాయం. కార్బపెనెమ్‌కి లొంగనివి మన ఐసీయూల్లో ఎక్కువగా ఇంటర్నేషనల్ క్లోన్-2 అనే ఒకే వంశానికి చెందినవే. పాశ్చర్ పద్ధతిలో చూస్తే పదింటికి పదీ "ఎస్‌టీ 2" అని రావచ్చు. డబ్బు ఖర్చుపెట్టి ముందే తెలిసిన మాట చెప్పించుకున్నట్టు. పైగా అసినెటోబ్యాక్టర్‌కి పాశ్చర్, ఆక్స్‌ఫర్డ్ అని రెండు వేర్వేరు స్కీములు ఉన్నాయి. ఏది వాడారో రాయకుండా నంబరు మాత్రం రాసే పేపర్లు చదవడం శుద్ధ దండగ.

మా ఐదింటికి తర్వాత ఎంఎల్ఎస్‌టీ కూడా చేయించాం. 1, 2, 3, 5 ఎస్‌టీ 231. నాలుగోది ఎస్‌టీ 147. ఈఆర్ఐసీ చెప్పిందే ఇదీ చెప్పింది, వేల రూపాయలు ఎక్కువ తీసుకుని. ఏడు జన్యువులు, ఒక్కోదాన్నీ రెండు వైపుల నుంచి చదవాలంటే ఐసోలేట్‌కి 14 సాంగర్ రియాక్షన్లు (ఒక్కో డీఎన్ఏ ముక్కనీ విడివిడిగా చదివే పాత పద్ధతి). బయటి ఊళ్లకి పంపి తెప్పించుకునే సరికి కనీసం వారం. ఇప్పుడు ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే మొత్తం జీనోమే వస్తోంది, అందులోంచి ఎస్‌టీ నంబరు ఉచితంగా బయటికి తీయొచ్చు. కాబట్టి ఏడు జన్యువుల్ని సాంగర్‌లో చదివించే రోజులు దాదాపు అయిపోయాయి. ఎస్‌టీ నంబర్ల భాష మాత్రం ఉంటుంది, అందరం అదే మాట్లాడతాం.

స్టాఫ్, టీబీ: వీటి దారి వేరు

ఎంఆర్ఎస్ఏ (మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్ ఆరియస్) అయితే స్పా టైపింగ్ అనే తేలిక దారి ఉంది. ప్రొటీన్-ఏ జన్యువులో సుమారు 24 అక్షరాల ముక్కలు వరుసగా ఎన్నున్నాయో, ఏ క్రమంలో ఉన్నాయో ఒక్క సాంగర్ రియాక్షన్‌తో తేలుతుంది. ఉద్దానం నుంచి డయాలసిస్‌కి ఊళ్లు తిరిగే కిడ్నీ రోగుల కాథెటర్లలో స్టాఫ్ వస్తే, మొదటి వడపోతకి ఇది చక్కగా సరిపోతుంది. ఇండియాలో ఎస్‌టీ 22, ఎస్‌టీ 772 వంశాలు తరచుగా కనిపిస్తాయి. రెండోదానికి "బెంగాల్ బే క్లోన్" అనే పేరు కూడా ఉంది. మన సముద్రం పేరు మంచి సంగతికి వినిపిస్తే బాగుండేది.

టీబీకి ఒకప్పుడు ఐఎస్-6110 అనే డీఎన్ఏ ముక్క ఆధారంగా వేలిముద్రలు తీసేవారు. దక్షిణ భారతంలో చాలా టీబీ స్ట్రెయిన్లలో ఆ ముక్క ఒకటే ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఒకటే బ్యాండ్ ఉంటే దేనితో పోల్చాలి? విదేశాల్లో బంగారంలా పనిచేసిన పద్ధతి మన గడ్డ మీద చతికిలపడిందంటే ఇదే. ఆ తర్వాత 24 చోట్ల పునరావృతాలు లెక్కపెట్టే మిరు-వీఎన్‌టీఆర్ వచ్చింది, ఇప్పుడు జీనోమ్. ఇంకో మాట: సీబీనాట్ అనే టీబీ పరీక్షలో ఇద్దరికీ రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి రెసిస్టెన్స్ వచ్చినా, ఇద్దరికీ ఒకే మ్యుటేషన్ ఉన్నా, ఒకరి నుంచి ఒకరికి వచ్చిందని కాదు. ఆ మ్యుటేషన్ సంబంధం లేని స్ట్రెయిన్లలో ఎవరికి వారికే విడివిడిగా పుడుతూ ఉంటుంది.

హోల్ జీనోమ్: అన్నీ చెబుతుంది, అడగడం వస్తేనే

క్లెబ్సియెల్లా జీనోమ్‌లో సుమారు 55 లక్షల అక్షరాలు. ఎంఎల్ఎస్‌టీ వాటిలో మూడు వేల పైచిలుకు చూస్తుంది. హోల్ జీనోమ్ దాదాపు అన్నీ చూస్తుంది. తేడా అక్కడే ఉంది.

ఫలితాన్ని రెండు రకాలుగా చదువుతారు. ఒకటి కోర్ జీనోమ్ ఎంఎల్ఎస్‌టీ: ఏడు జన్యువుల బదులు వందలు, వేల జన్యువుల్ని పోల్చి ఎన్ని తేడాలో లెక్కపెట్టడం. రెండోది ఎస్ఎన్‌పీ: ఒక్కో అక్షరం తేడాని లెక్కపెట్టడం. మొదటిది ల్యాబ్ నుంచి ల్యాబ్‌కి పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. రెండోది ఒకే వార్డు లోపల సూక్ష్మంగా చూడటానికి.

"ఎన్ని ఎస్ఎన్‌పీల లోపు ఉంటే పాకినట్టు?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒక్క అంకె చెప్పి తప్పించుకోవచ్చు గానీ అది మోసం అవుతుంది. ఆసుపత్రి క్లెబ్సియెల్లా ఏడాదికి సుమారు ఐదారు నుంచి పది అక్షరాలు మార్చుకుంటుంది. టీబీ అయితే రెండు మూడేళ్లకి ఒకటి. అందుకే టీబీలో 5 లోపు తేడా ఉంటే ఇటీవల పాకినట్టు, 12 దాటితే కానట్టు అనే వాడుక ఏర్పడింది. క్లెబ్సియెల్లాకి 20 చుట్టుపక్కల గీత గీసేవాళ్లున్నారు. కానీ పోల్చడానికి తీసుకున్న రిఫరెన్స్ జీనోమ్ మారితే అంకె మారుతుంది, సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ మారితే మారుతుంది, రోగి ఒంట్లో ఆర్నెల్లుగా కాపురం పెట్టిన బ్యాక్టీరియా తనలో తనే చీలిపోయి ఉంటే కూడా మారుతుంది. ఒక రోగి నుంచి ఒకే కాలనీ తీస్తే ఆ చీలికలు కనిపించవు. కనుక అంకెని మంచాల మ్యాప్ పక్కన పెట్టి చదవాలి.

జీనోమ్ ఏం చేయగలదో చూపిన కేసుల్లో 2011 నాటి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఆసుపత్రిది పేరున్నది. కేపీసీ అనే కార్బపెనెమ్ రెసిస్టెన్స్ జన్యువున్న క్లెబ్సియెల్లా సోకిన ఒక రోగి డిశ్చార్జ్ అయి వెళ్లిపోయారు. మూడు వారాల తర్వాత ఇంకొకరిలో అదే తరహా బ్యాక్టీరియా బయటపడింది. మధ్యలో అంత విరామం ఉంది కాబట్టి రెండోది బయటి నుంచి వచ్చిందేమో అనుకోవడం సహజం. జీనోములు చదివితే మొదటి రోగి నుంచే మొదలైందని తేలింది. మొత్తం 18 మందికి సోకింది, 11 మంది మరణించారు, వాళ్లలో 6 మరణాలకి ఆ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. మధ్యలో ఏ లక్షణాలూ లేకుండా మోసుకుని తిరిగినవాళ్లు ఉంటారన్నది అక్కడ అందరికీ కళ్లకు కట్టింది.

మా ఐదింటి జీనోములు వచ్చేసరికి ఐసీయూలో గొడవ సద్దుమణిగి చాలా రోజులైంది. కానీ చూసి నోరు తెరిచాం. 1, 2, 5 మధ్య తేడా వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మూడోది కూడా ఎస్‌టీ 231యే, ఈఆర్ఐసీలో కూడా ఒకటే, కానీ ఆ మూడింటికీ దీనికీ మధ్య వందకి పైగా అక్షరాల తేడా. అంటే ఇంటిపేరు ఒకటే, ఇల్లు వేరు. ఆ మూడో రోగి మా దగ్గరికి రాకముందు రెండు ఊళ్లలో చికిత్స తీసుకుని వచ్చారు. మేం ఆయన్ని గొలుసు మధ్యలో లింకుగా పెట్టుకుని, ఆయన పక్క మంచాన్ని, ఆయన్ని చూసుకున్న నర్సుల డ్యూటీ చార్టుని వారం పాటు జల్లెడ పట్టాం. ఒక పిల్ల నర్సు తన వల్లే పాకిందేమోనని ఏడ్చిందట. ఆ వారం తిరిగి రాదు.

చిన్న ముక్కలా, పొడుగు ముక్కలా?

ఇల్యూమినా లాంటి మెషిన్లు డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా, తప్పులు చాలా తక్కువగా చదువుతాయి. ఎస్ఎన్‌పీ లెక్కకి అదే కావాలి. కానీ ప్లాస్మిడ్ల మీద ఒకే రకం ముక్కలు పదే పదే వస్తాయి, ఐఎస్-26 లాంటివి. చిన్న చదువులతో వాటిని అతికించడం ఒకే రంగు ముక్కలతో జిగ్‌సా పజిల్ పెట్టడమే. ఎన్‌డీఎం అనే కార్బపెనెమ్ రెసిస్టెన్స్ జన్యువు ఉందని చెప్పగలం, అది ఏ ప్లాస్మిడ్ మీద కూర్చుందో చెప్పలేం. నానోపోర్ మెషిన్ వేల అక్షరాల పొడవున్న ముక్కల్ని ఒక్కపట్టున చదువుతుంది కాబట్టి ప్లాస్మిడ్ మొత్తం ఉంగరంలా బయటపడుతుంది. మినయాన్ అయితే అరచేతిలో పట్టేంత మెషిన్, కాలనీ నుంచి రెండు మూడు రోజుల్లో జవాబు వచ్చే వీలుంది. పాత నానోపోర్‌లో తప్పులు ఎక్కువ అనే మాట నిజమే, కొత్త ఆర్-10 ఫ్లోసెల్స్‌తో (మెషిన్‌లో పెట్టే చిప్‌లతో) అది చాలావరకు తీరింది.

ఒకే వార్డులో క్లెబ్సియెల్లా, ఈ కోలై, ఎంటరోబ్యాక్టర్ మూడింటిలోనూ ఎన్‌డీఎం వస్తోందంటే స్ట్రెయిన్ టైపింగ్ ఏదీ పట్టుకోలేదు. మూడూ వేరని చెప్పి ఊరుకుంటుంది. అలాంటప్పుడు పొడుగు చదువులు తప్ప దారి లేదు.

బయటికి పంపేవాళ్లకి నాలుగు మాటలు. విశాఖ నుంచి హైదరాబాదుకో, చెన్నైకో, బెంగళూరుకో పంపేటప్పుడు కల్చర్ బదులు శుద్ధి చేసిన డీఎన్ఏ పంపితే కొరియర్ తలనొప్పులు సగం పోతాయి, అందులో బతికున్న బ్యాక్టీరియా ఉండదు కాబట్టి. క్లెబ్సియెల్లాకి జిగురు పొర ఎక్కువ. ఆ జిగురు డీఎన్ఏతో పాటు వచ్చేసి లైబ్రరీని (సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసిన డీఎన్ఏని) చెడగొడుతుంది, కడగడం దగ్గర బద్ధకించకండి. డీఎన్ఏ ఎంతుందని నానోడ్రాప్ మెషిన్ చూపించే అంకెని నమ్మి పంపితే వెనక్కి వస్తుంది, క్యూబిట్‌తో కొలవండి. అన్నిటికంటే ముఖ్యం: అందమైన పీడీఎఫ్ రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (మెషిన్ చదివిన అక్షరాలు ఉండేవి) ఇస్తామని ముందే రాయించుకోండి. ఫైళ్లు చేతిలో ఉంటే పాథోజెన్‌వాచ్ అనే వెబ్‌సైట్‌లోనో, పాశ్చర్ వాళ్ల వెబ్‌సైట్‌లోనో మీరే ఉచితంగా ఎస్‌టీ, రెసిస్టెన్స్ జన్యువులు, వంశవృక్షం అన్నీ చూసుకోవచ్చు. రెండేళ్ల తర్వాత ఆరో ఐసోలేట్ వస్తే దాన్ని పాతవాటి పక్కన పెట్టొచ్చు. పీడీఎఫ్‌తో అది కుదరదు. అప్‌లోడ్ చేసేటప్పుడు రోగి పేరు, ఐపీ (ఆసుపత్రిలో చేరిన రోగికిచ్చే) నంబరు ఎక్కడా లేకుండా చూసుకోండి.

మరి మీకేది?

మీది విశాఖ రామ్‌నగర్‌లోనో ఆరిలోవ హెల్త్ సిటీలోనో ఉన్న ప్రైవేటు ఆసుపత్రి, ల్యాబ్‌లో పీసీఆర్ దాకా ఉంది, వార్డులో ఇప్పుడు మంట అంటుకుంది అనుకుందాం. ఈఆర్ఐసీ చేయండి, పైన చెప్పిన జాగ్రత్తలతో. "వేరు" అని తేలినవాటిని లెక్కలోంచి తీసేయండి. "ఒకటే" అనిపించినవాటిని మాత్రమే జీనోమ్‌కి పంపండి. ఐదుకి ఐదూ పంపే ఖర్చు తగ్గుతుంది. రిపోర్టు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. చేతుల శుభ్రత, వేరే గదిలో పెట్టడం, సింకులు చూడటం, ఇవి ఏ టైపింగ్ కోసమూ ఆగనక్కర్లేదు.

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) లాంటి పెద్దాసుపత్రులకి లెక్క వేరు. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి రోగులు వస్తారు. చాలామంది అప్పటికే రెండు మూడు ఆసుపత్రులు తిరిగి ఉంటారు. అక్కడ "ఇక్కడ పాకిందా, వెంట తెచ్చుకున్నారా" అన్నదే రోజూ ఎదురయ్యే ప్రశ్న, ఎంఎల్ఎస్‌టీ స్థాయిలో దానికి జవాబు దొరకదని మా మూడో రోగి నేర్పారు. అలాంటి చోట ఔట్‌బ్రేక్ వచ్చినప్పుడు హడావుడి పడేకంటే నెలకి కొన్ని చొప్పున క్రమం తప్పకుండా జీనోములు చదివించుకోవడం మేలు. వెనక ఏమున్నాయో తెలియకపోతే ముందున్నది కొత్తదో పాతదో ఎలా చెప్తాం?

థీసిస్ చేసే పీజీలకి: 50 ఐసోలేట్లకి ఈఆర్ఐసీ చేసి డెండ్రోగ్రామ్ (పోలికల చెట్టు) గీసి, 80 శాతం పోలిక దగ్గర గీత గీసి, "12 క్లస్టర్లు" అని రాసే థీసిస్ ఇక చాలు. చేసేదే అయితే 1988లో హంటర్, గాస్టన్ చెప్పిన సింప్సన్ సూచిక లెక్కగట్టండి, మీ పద్ధతికి వేరు చేసే సత్తా ఎంతో అది చెబుతుంది. 0.95కి తగ్గితే ఆ క్లస్టర్ల గురించి గట్టిగా మాట్లాడకండి. గైడ్ ఒప్పుకుంటే 50కి ఈఆర్ఐసీ బదులు 15కి జీనోమ్ చేయండి. పరీక్షకుడు "ఇంత తక్కువా?" అంటారు, నిజమే. కానీ ఆ 15 ఇంకెవరైనా వాడుకోగలరు.

పీఎఫ్‌జీఈ ఉన్నవాళ్లు దాన్ని చెడిపోయేదాకా వాడండి. ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు) మళ్లీ కట్టే ముందు మాత్రం ఆలోచించండి.

ఇక స్టాకులు. ఏ పద్ధతి ఎంచుకున్నా ఐసోలేటే లేకపోతే ఏమీ లేదు. గ్లిసరాల్‌లో మైనస్ 80లో పెట్టండి, రెండు వయల్స్, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో. మళ్లీ మళ్లీ సబ్‌కల్చర్ చేస్తూ పోతే ప్లాస్మిడ్లు రాలిపోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్లు కరిగి ఏళ్ల కలెక్షన్లు పోగొట్టుకున్నవాళ్లని నేనెరుగుదును. అప్పటి నుంచి నేను ముఖ్యమైనవాటిని న్యూట్రియెంట్ అగర్ స్టాబ్‌లో కూడా వేసి, మూత బిగించి, చీకటి బీరువాలో పెడుతున్నాను. పాతకాలపు పద్ధతి అని పిల్లలు నవ్వుతారు.

ఆ బీరువాలోనే మా నాలుగో ఐసోలేట్ కూడా ఉంది, ఎస్‌టీ 147ది. అన్ని పద్ధతులూ "వేరు" అన్నది అదే. చిన్న చదువుల్లో దాంట్లోనూ, 1, 2, 5లోనూ ఎన్‌డీఎం కనిపించింది, ప్లాస్మిడ్ మాత్రం ముక్కలుగానే మిగిలింది. బ్యాక్టీరియా పాకలేదు సరే, ప్లాస్మిడ్ దూకిందా? నానోపోర్ ఫ్లోసెల్‌కి ఇండెంట్ పెట్టాను. వయల్ మీద ఎర్ర పెన్నుతో "పారేయొద్దు" అని రాసి ఉంచాను.